ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా

ఎడ్స్‌గర్ వీబె డైక్‌స్ట్రా (మే 11, 1930 - ఆగష్టు 6, 2002) నెదర్లాండ్స్ దేశానికి చెందిన సుప్రసిద్ధ కంప్యూటరు శాస్త్రవేత్త. ఒకే కాలంలో నడుస్తూ ఉమ్మడి దత్తాంశాన్ని వాడుకునే పలు ప్రక్రియలు ఒకదాని పనిని మరొకటి చెడగొట్టకుండా సమన్వయపరిచే శాస్త్రానికి ఈయన పునాదులు వేశాడు. ఆ పనికి తోడ్పడే సెమాఫోర్ అనే సాధనం ఈయన సృష్టి. రెండు ఊళ్ళ మధ్య అతి దగ్గరి దారిని కనుగొనే అల్గారిథమ్ కూడా ఈయన పేరుతోనే ప్రసిద్ధి చెందింది. ప్రోగ్రాములు రాయడాన్ని ఒక చేతివాటం పనిగా కాక, గణితం వలె క్రమశిక్షణ గల విద్యగా నిలబెట్టిన వారిలో ఈయన అగ్రగణ్యుడు. 1972లో కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం పొందాడు.

బాల్యం, కుటుంబ నేపథ్యం

డైక్‌స్ట్రా 1930 మే 11న నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ నగరంలో జన్మించాడు. నలుగురు సంతానంలో ఈయన మూడవవాడు. తండ్రి డౌవె వీబె డైక్‌స్ట్రా రసాయన శాస్త్రవేత్త. ఆయన ఉన్నత పాఠశాలలో రసాయన శాస్త్రం బోధించాడు, డచ్ రసాయన శాస్త్ర సంఘానికి అధ్యక్షుడిగా కూడా పనిచేశాడు. తల్లి బ్రెక్‌ట్యె కార్నీలియా క్లూయివర్ గణితంలో దిట్ట, అయితే ఆమె ఎన్నడూ ఉద్యోగం చేయలేదు. చిన్న ఉపపత్తిలోని అందాన్ని గుర్తించే చూపు డైక్‌స్ట్రాకు తల్లి నుండే అబ్బింది. ఒక లెక్కను సాధించడానికి మరీ ఎక్కువ పంక్తులు అవసరమవుతున్నాయంటే, పట్టిన దారే సరైనది కాదని భావించే స్వభావం ఈయనలో జీవితాంతం కనిపిస్తుంది.

డైక్‌స్ట్రాకు పదేళ్ళు నిండిన మూడు రోజులకే, 1940 మే 14న, జర్మనీ వాయుసేన బాంబుదాడిలో రోటర్‌డామ్ నగర మధ్యభాగం నేలమట్టమయింది. ఈయన పాఠశాల విద్యలో అధిక భాగం యుద్ధకాలంలోనూ ఆ తరువాతి కష్టకాలంలోనూ సాగింది. నగరంలో పేరుపొందిన ఎరాస్మియానమ్ పాఠశాలలో గ్రీకు, లాటిన్ భాషలతో పాటు ఆధునిక భాషలు, గణితం, విజ్ఞాన శాస్త్రాలు నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో న్యాయశాస్త్రం చదివి ఐక్యరాజ్య సమితిలో తన దేశానికి ప్రాతినిధ్యం వహించాలని ఆశించేవాడు. కాని 1948లో పాఠశాల చివరి పరీక్షలో గణితంలోను, విజ్ఞాన శాస్త్రాలలోను వచ్చిన మార్కులు చూసి ఇంట్లోవారు, ఉపాధ్యాయులు ఈయనను విజ్ఞాన శాస్త్రం వైపు మళ్ళించారు.

విద్యాభ్యాసం

1948లో డైక్‌స్ట్రా లైడెన్ విశ్వవిద్యాలయంలో చేరి గణితం, భౌతికశాస్త్రం, తరువాత సైద్ధాంతిక భౌతికశాస్త్రం అభ్యసించాడు. 1951లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఎడ్సాక్ అనే కంప్యూటరుపై ప్రోగ్రాములు రాయడం నేర్పే మూడు వారాల శిక్షణ తరగతి జరుగుతుందన్న ప్రకటన తండ్రి కంటబడింది. భౌతికశాస్త్రంలో లెక్కలకు అది ఉపకరిస్తుందని భావించి కొడుకును అక్కడికి పంపాడు. మారిస్ విల్క్స్ నిర్వహణలోని ఆ ప్రయోగశాలలో డైక్‌స్ట్రా తొలిసారి కంప్యూటరుతో పనిచేశాడు.

ఈ సంగతి తెలిసి, ఆమ్‌స్టర్‌డామ్‌లోని గణిత కేంద్రంలో గణన విభాగానికి అధిపతిగా ఉన్న ఆడ్రియాన్ ఫాన్ వైన్‌గార్డెన్ ఈయనకు ఉద్యోగమిచ్చాడు. 1952 మార్చిలో డైక్‌స్ట్రా అక్కడ పార్ట్‌టైమ్ ఉద్యోగిగా చేరాడు. నెదర్లాండ్స్‌లో ప్రోగ్రామరు అన్న హోదాతో నియమితుడైన మొదటి వ్యక్తిగా ఈయనను పేర్కొంటారు.

కొన్నేళ్ళపాటు డైక్‌స్ట్రా రెండు పడవల మీద కాళ్ళు పెట్టినట్లు భౌతికశాస్త్రం, ప్రోగ్రామింగు రెండింటినీ నెట్టుకొచ్చాడు. చివరకు ఏదో ఒకటి తేల్చుకోవలసి వచ్చింది. ఆ రోజుల్లో ప్రోగ్రామింగుకు ఒక శాస్త్రంగా గుర్తింపు లేదు. అందులో ప్రవీణుడినని చెప్పుకొనేవాడు ఏ జ్ఞానానికి ప్రతినిధో చెప్పలేని స్థితి. ఈ సందేహాన్ని ఫాన్ వైన్‌గార్డెన్ ముందు ఉంచగా, ఆ శాస్త్రం ఇంకా పుట్టలేదు కనుక దానిని నిర్మించేవారిలో నీవూ ఒకడివి కావచ్చునన్న భావాన్ని ఆయన కలిగించాడు. దానితో డైక్‌స్ట్రా మనసు స్థిరపడింది. భౌతికశాస్త్రంలో పట్టా పూర్తిచేసి, ఆపై జీవితమంతా ప్రోగ్రామింగుకే అంకితం చేశాడు.

1957లో మరియా డెబెట్స్‌ను వివాహమాడాడు. వివాహ నమోదు పత్రంలో వృత్తి ప్రోగ్రామరు అని రాయబోతే, అటువంటి వృత్తి ఏదీ లేదని ఆమ్‌స్టర్‌డామ్ అధికారులు అంగీకరించలేదు. చివరకు సైద్ధాంతిక భౌతిక శాస్త్రవేత్త అని నమోదు చేశారు. ఈ దంపతులకు మార్కస్, ఫెమ్కె, రట్గర్ అని ముగ్గురు పిల్లలు.

అతి దగ్గరి దారి

1956లో గణిత కేంద్రం ఆర్మాక్ అనే కొత్త కంప్యూటరును ప్రారంభించింది. గణితం తెలియని అతిథులకు కూడా దాని శక్తి అర్థమయ్యే ఒక ఉదాహరణ కావలసి వచ్చింది. రెండు ఊళ్ళ మధ్య అతి తక్కువ దూరపు దారి ఏదన్న ప్రశ్నను డైక్‌స్ట్రా ఎంచుకున్నాడు. కాబోయే భార్యతో కలిసి ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక కాఫీ దుకాణం ముందు కూర్చుని ఉండగా, కాగితం, పెన్సిలు లేకుండానే సుమారు ఇరవై నిమిషాలలో ఈ సమస్యకు పరిష్కారం ఆలోచించాడు. ప్రారంభోత్సవంలో 64 డచ్ నగరాల పటంపై దానిని నడిపి చూపారు. అయితే ఆ అల్గారిథమ్ 1959 వరకు అచ్చు కాలేదు. అచ్చయిన వ్యాసం మూడు పుటలు మాత్రమే. తరువాతి కాలంలో వాహనాలకు దారి చూపే సాధనాలలోను, ఇంటర్నెట్‌లో సమాచారాన్ని దారి మళ్ళించే పద్ధతులలోను ఇదే అల్గారిథమ్ రకరకాల రూపాలలో వాడుకలోకి వచ్చింది.

ఇంటరప్టు భయం

ఏకకాలంలో జరిగే పనుల సమస్య డైక్‌స్ట్రాకు ఎదురైనది ఎక్స్-1 అనే కంప్యూటరు వద్ద. బ్రామ్ లోప్‌స్ట్రా, కారెల్ షోల్టెన్‌లు ఆ యంత్రాన్ని రూపొందించగా, దాని ప్రాథమిక ప్రోగ్రాములను రాసే బాధ్యత డైక్‌స్ట్రాది. అంతవరకు కంప్యూటరు ఒక కార్డును చదవమని పరికరానికి చెబితే, ఆ పని పూర్తయ్యేదాకా చేతులు ముడుచుకుని కూర్చునేది. లోప్‌స్ట్రా, షోల్టెన్‌లు ఇంటరప్టు అనే ఏర్పాటును ప్రతిపాదించారు. దీని ప్రకారం కంప్యూటరు తన లెక్క తాను చేసుకుంటూ ఉంటుంది. పరికరం తన పని ముగించగానే సంకేతం పంపుతుంది. అప్పుడు కంప్యూటరు చేస్తున్న పనిని ఉన్నపళాన ఆపి, పరికరానికి కావలసినది చేసి, తిరిగి ఆపిన చోటు నుండి కొనసాగిస్తుంది.

కాలం ఆదా చేసే ఈ ఏర్పాటు డైక్‌స్ట్రాకు ఆనందానికి బదులు భయాన్ని కలిగించింది. అందుకు కారణం ఉంది. సాధారణ ప్రోగ్రాము ఒకసారి తప్పు చేస్తే, అదే సమాచారంతో మళ్ళీ నడిపినప్పుడు మళ్ళీ అదే తప్పు చేస్తుంది. కనుక దానిని వెదికి పట్టుకోవచ్చు. కాని ఇంటరప్టు ఏ క్షణంలో, ఏ రెండు ఆదేశాల మధ్య వస్తుందో ఎవరూ చెప్పలేరు. లక్షసార్లు సరిగా నడిచిన ప్రోగ్రాము లక్షా ఒకటోసారి తప్పవచ్చు. మరల నడిపితే ఆ తప్పు కనిపించదు. లోపం యంత్రానిదో, ప్రోగ్రాముదో తేల్చడం కూడా అసాధ్యమవుతుంది. ఈ కారణంగా డైక్‌స్ట్రా కొన్ని నెలలపాటు ఆ ప్రతిపాదనకు అడ్డు చెబుతూ వచ్చి, చివరకు ఒప్పుకున్నాడు.

ఒప్పుకున్న తరువాత ఈయనకు ఒకే మార్గం మిగిలింది. పరీక్షించి నమ్మలేని ప్రోగ్రామును తర్కంతో నిరూపించి నమ్మాలి. ఇంటరప్టు ఏ క్షణంలో వచ్చినా ఆగిపోయిన పని స్థితి అంతా చెక్కుచెదరకుండా భద్రపరచబడి, తిరిగి యథాతథంగా నెలకొనాలి. ఈ నియమాన్ని ఆధారం చేసుకుని ఎక్స్-1కు ఇంటరప్టు నిర్వహణ ప్రోగ్రామును రాశాడు. 1959లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం ఈయనకు డాక్టరేటు ఇచ్చినది ఈ పనిపై రాసిన సిద్ధాంత గ్రంథానికే. పరీక్షించి తప్పులు దిద్దుకోవడం కంటే ముందే సరిగా ఆలోచించడం మేలన్న డైక్‌స్ట్రా సిద్ధాంతానికి ఈ అనుభవమే మూలం.

1960లో సహోద్యోగి యాప్ జోనెవెల్డ్‌తో కలిసి ఆల్గాల్ 60 భాషకు ఎక్స్-1పై అనువాదక ప్రోగ్రామును (కంపైలరును) పూర్తిచేశాడు. ఆ భాషకు వచ్చిన తొలి కంపైలర్లలో ఇది ఒకటి. పని పూర్తయ్యేవరకు గడ్డం గీయరాదని ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు. పని ముగిశాక జోనెవెల్డ్ గడ్డం తీసివేయగా డైక్‌స్ట్రా ఉంచుకున్నాడు.

ఉమ్మడి దత్తాంశం - అసలు సమస్య

1962లో డైక్‌స్ట్రా ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో గణిత ఆచార్యుడిగా చేరాడు. ఈయన ప్రపంచ ఖ్యాతి పొందిన పరిశోధన ఇక్కడే జరిగింది. ఆ పరిశోధన విలువ తెలియాలంటే ముందు సమస్యను అర్థం చేసుకోవాలి.

ఒక బ్యాంకు ఖాతాలో 1000 రూపాయలు ఉన్నాయనుకుందాం. ఒక ప్రక్రియ దానికి 200 రూపాయలు జమ చేయాలి. అదే సమయంలో మరొక ప్రక్రియ 300 రూపాయలు తీసివేయాలి. సరైన జవాబు 900. కాని జమ చేయడం అనేది కంప్యూటరుకు ఒక్క పని కాదు. నిల్వను చదవడం, కూడటం, తిరిగి రాయడం అని మూడు అంచెలు. మొదటి ప్రక్రియ 1000ని చదివింది. అది కూడేలోగా రెండవ ప్రక్రియ కూడా అదే 1000ని చదివింది. మొదటిది 1200 అని రాసింది. ఆ వెంటనే రెండవది తన లెక్క ప్రకారం 700 అని రాసింది. జమ చేసిన 200 రూపాయలు మాయమయ్యాయి. రాసే వరుస తారుమారైతే ఖాతాలో 1200 మిగిలి, తీసుకున్న 300 లెక్కకు రాకుండా పోతుంది. రెండు ప్రోగ్రాములలో ఏ ఒక్కదానిలోనూ తప్పు లేదు. తప్పు రెండూ కలిసిన క్షణంలో ఉంది. ఎవరు ముందు అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోయే ఈ స్థితిని రేస్ కండిషన్, అనగా పందెపు స్థితి, అంటారు.

1960లలో వీటిని ప్రక్రియలు (ప్రాసెస్‌లు) అనేవారు. ఒకే ప్రోగ్రాములో ఒకే జ్ఞాపకశక్తిని పంచుకుంటూ నడిచే ప్రక్రియలకు తరువాతి కాలంలో థ్రెడ్ (పోగు) అన్న పేరు స్థిరపడింది. పేరు మారినా సమస్య అదే.

పరస్పర మినహాయింపు

పై ఉదాహరణలో చదవడం, కూడటం, రాయడం అనే మూడు అంచెలు కలిసి ఒక కీలక విభాగం (క్రిటికల్ సెక్షన్). ఒక ప్రక్రియ కీలక విభాగంలో ఉన్నంతసేపు మరొకటి తన కీలక విభాగంలో అడుగు పెట్టరాదు. దీనిని పరస్పర మినహాయింపు అంటారు. వినడానికి తేలికగా ఉన్న ఈ నియమాన్ని అమలు చేయడం చాలా కష్టమని డైక్‌స్ట్రా గుర్తించాడు. లోపల ఎవరైనా ఉన్నారా అని చూసే గుర్తు కూడా ఉమ్మడి దత్తాంశమే. ఇద్దరూ ఒకేసారి చూసి, ఎవరూ లేరనుకుని, ఇద్దరూ లోపలికి వెళ్ళే ప్రమాదం ఉంది. దానికి భయపడి ముందుగానే చెయ్యెత్తే పద్ధతి పెడితే, ఇద్దరూ చెయ్యెత్తి, మీరు ముందంటే మీరు ముందని మర్యాదలకు పోయి ఎప్పటికీ బయటే నిలబడిపోవచ్చు.

రెండు ప్రక్రియల విషయంలో ఈ చిక్కును విప్పినది గణిత కేంద్రంలోని టి. జె. డెక్కర్ అనే గణిత శాస్త్రవేత్త. ఆ ఘనతను డైక్‌స్ట్రా తన రచనలలో డెక్కర్‌కే ఇచ్చాడు. ఎన్ని ప్రక్రియలున్నా పనిచేసే పరిష్కారాన్ని డైక్‌స్ట్రా స్వయంగా కనుగొని 1965 సెప్టెంబరులో ఒకే పుట వ్యాసంగా ప్రచురించాడు. అందులో తాను పెట్టుకున్న షరతులు చెప్పుకోదగినవి. ఎవరికీ ముందే పెద్దరికం కట్టబెట్టరాదు. ఎవరి వేగం ఎంతో తెలుసునని అనుకోరాదు. కీలక విభాగానికి బయట ఒక ప్రక్రియ ఆగిపోతే, దానివల్ల ఇతరులు ఆగిపోరాదు. లోపలికి ఎవరు వెళ్ళాలన్న నిర్ణయం అంతులేకుండా వాయిదా పడరాదు. ఒక సమస్యకు ఏవి షరతులో ఇంత తేటగా నిర్ణయించడమే ఏకకాలిక ప్రోగ్రామింగు ఒక శాస్త్రంగా ఎదగడానికి నాంది అయింది.

ఈ పరిష్కారంలో ఒక లోటు ఉంది. ఎవరో ఒకరు లోపలికి వెళ్ళడం ఖాయమే గాని, దురదృష్టం వెన్నాడితే ఒక ప్రక్రియ ఎల్లకాలం వేచి ఉండిపోవచ్చు. 1966లో డొనాల్డ్ నూత్ ఈ లోటును చూపి మెరుగైన పద్ధతిని ఇచ్చాడు. 1974లో లెస్లీ లాంపోర్ట్, దుకాణంలో వచ్చిన వరుస ప్రకారం చీటీలు ఇచ్చే పద్ధతిని పోలిన మరొక పరిష్కారాన్ని ప్రచురించాడు.

సెమాఫోర్

పై పద్ధతులలో వేచి ఉన్న ప్రక్రియ ఊరకే ఉండదు. నా వంతు వచ్చిందా అని మాటిమాటికీ చూస్తూ కంప్యూటరు కాలాన్ని వృథా చేస్తుంది. దీనికి మందుగా డైక్‌స్ట్రా 1960ల తొలి సంవత్సరాలలో సెమాఫోర్‌ను ప్రవేశపెట్టాడు. ఈ పేరు రైలు మార్గాల పక్కన ఉండే చెయ్యి ఆకారపు సిగ్నలు నుండి వచ్చింది. ఒంటి మార్గంలో ఒక రైలు ఉండగా సిగ్నలు రెండవ రైలును ఆపినట్లే, సెమాఫోర్ రెండవ ప్రక్రియను ఆపుతుంది.

సెమాఫోర్ అంటే ఒక పూర్ణసంఖ్య. దానిపై రెండే పనులు చేయవచ్చు. డచ్ భాషలోని మాటలను బట్టి డైక్‌స్ట్రా వాటికి పి, వి అని పేర్లు పెట్టాడు. సంఖ్య సున్నా కంటే ఎక్కువగా ఉంటే పి దానిని ఒకటి తగ్గించి ముందుకు పోనిస్తుంది. సున్నా అయితే ఆ ప్రక్రియను నిద్రపుచ్చి వరుసలో నిలుపుతుంది. వి చేసినప్పుడు, వరుసలో ఎవరైనా ఉంటే ఒకరిని లేపుతుంది, లేకుంటే సంఖ్యను ఒకటి పెంచుతుంది. ఈ రెండు పనులలో ఏదీ మధ్యలో తెగిపోదు. అందులోనే దీని బలమంతా ఉంది.

బ్యాంకు ఖాతా ఉదాహరణలో సెమాఫోర్‌ను 1తో మొదలుపెట్టి, ఖాతాను ముట్టుకునే ముందు పి, ముట్టుకున్న తరువాత వి చేస్తే చాలు. ఒకరు లోపల ఉండగా రెండవవారు నిద్రలో ఉంటారు, కాలం వృథా కాదు. సంఖ్యను 1కి మించి ఉంచితే మరిన్ని ఉపయోగాలున్నాయని చూపినవాడు కారెల్ షోల్టెన్. ఉదాహరణకు ఒక ప్రక్రియ సరుకు తయారు చేస్తూ పది గదుల గిడ్డంగిలో పెడుతుంది, మరొకటి తీసి వాడుకుంటుంది. ఖాళీ గదుల లెక్కకు ఒకటి, నిండిన గదుల లెక్కకు ఒకటి చొప్పున సెమాఫోర్లు ఉంటే, గిడ్డంగి నిండినప్పుడు తయారీదారు, ఖాళీ అయినప్పుడు వాడకందారు తమంత తామే ఆగుతారు. ఈ విషయాలన్నిటినీ డైక్‌స్ట్రా 1965లో రాసిన సహకరించుకునే ప్రక్రియల వ్యాసంలో వివరించాడు. అది 1968లో ఒక గ్రంథంలో భాగంగా అచ్చయింది.

ప్రతిష్టంభన, తత్వవేత్తల విందు

మినహాయింపు సాధించగానే కష్టాలు తీరలేదు. రెండు ప్రక్రియలలో మొదటిది 'అ' అనే వస్తువును పట్టుకుని 'ఆ' కోసం, రెండవది 'ఆ'ను పట్టుకుని 'అ' కోసం వేచి ఉంటే రెండూ ఎప్పటికీ కదలవు. దీనిని డెడ్‌లాక్ (ప్రతిష్టంభన) అంటారు. డైక్‌స్ట్రా దీనిని ప్రాణాంతకమైన కౌగిలిగా వర్ణించాడు. దీనిని నివారించడానికి బ్యాంకరు అల్గారిథమ్‌ను రూపొందించాడు. తెలివైన బ్యాంకరు తన వద్ద మిగిలే సొమ్ముతో కనీసం ఒక ఖాతాదారు అవసరం పూర్తిగా తీరి, అతడు తిరిగి చెల్లించిన దానితో మరొకరిది తీరి, ఇలా అందరి పనీ నెరవేరే దారి ఉందనుకుంటేనే కొత్త అప్పు ఇస్తాడు. కంప్యూటరు కూడా తన వనరులను అదే జాగ్రత్తతో పంచాలి.

1965లో విద్యార్థుల పరీక్ష కోసం డైక్‌స్ట్రా ఒక సమస్యను తయారు చేశాడు. మొదట అది టేపు పరికరాల కోసం పోటీపడే కంప్యూటర్ల గురించినది. దానికి తత్వవేత్తల విందు అన్న రూపం ఇచ్చినవాడు టోనీ హోర్. గుండ్రని బల్ల చుట్టూ ఐదుగురు తత్వవేత్తలు కూర్చున్నారు. ఇద్దరిద్దరి మధ్య ఒకటి చొప్పున ఐదు ఫోర్కులే ఉన్నాయి. తినడానికి ఎడమవైపుది, కుడివైపుది రెండూ కావాలి. అందరూ ఒకేసారి ఎడమవైపు ఫోర్కు తీసుకుంటే, కుడివైపు దాని కోసం ఎదురుచూస్తూ అందరూ ఆకలితో మాడిపోతారు. ఫోర్కులకు అంకెలు వేసి, ఎవరైనా చిన్న అంకె గలదానినే ముందు తీసుకోవాలన్న నియమం పెడితే ఈ వలయం తెగిపోతుంది. అప్పటినుండి కంప్యూటరు శాస్త్రం చదివే విద్యార్థులకు ఈ సమస్య తప్పనిసరి పాఠమయింది. భారతదేశంలోని ఇంజనీరింగు కళాశాలల్లో కూడా ఆపరేటింగు సిస్టమ్ పాఠ్యాంశంలో ఇది బోధించబడుతుంది.

టీహెచ్ఈ వ్యవస్థ

ఈ సిద్ధాంతాలను ఆచరణలో పెట్టి చూపడానికి డైక్‌స్ట్రా ఐండ్‌హోవెన్‌లో ఒక చిన్న బృందంతో ఎక్స్-8 కంప్యూటరుకు ఆపరేటింగు సిస్టమ్‌ను నిర్మించాడు. విశ్వవిద్యాలయపు డచ్ పేరులోని మొదటి అక్షరాలను బట్టి దీనికి టీహెచ్ఈ అన్న పేరు వచ్చింది. ఆ యంత్రపు ప్రధాన స్మృతి సుమారు 32 వేల పదాలు మాత్రమే. ఈ వ్యవస్థను అంతస్తులుగా కట్టారు. అట్టడుగు అంతస్తు ప్రక్రియలకు కంప్యూటరు కాలాన్ని పంచుతుంది. దానిపై అంతస్తు స్మృతిని, ఆ పైది యంత్రం నడిపేవారితో సంభాషణను, ఆ పైది పరికరాలను చూసుకుంటాయి. వాడుకరుల ప్రోగ్రాములు వీటన్నిటిపైన ఉంటాయి. ఏ అంతస్తు అయినా తన కింది అంతస్తులపైనే ఆధారపడుతుంది. ప్రక్రియల మధ్య సమన్వయమంతా సెమాఫోర్లతోనే జరుగుతుంది. కింది అంతస్తును పూర్తిగా పరీక్షించిన తరువాతే పై అంతస్తును చేర్చినందువల్ల, పరీక్షలో బయటపడినవి చిన్నచిన్న రాతదోషాలే. 1968లో ప్రచురించిన దీని వర్ణన ఆపరేటింగు సిస్టమ్‌ల చరిత్రలో మైలురాయిగా గుర్తింపు పొందింది.

నిర్మాణాత్మక ప్రోగ్రామింగు

ప్రోగ్రాములో ఒక చోటి నుండి మరొక చోటికి ఇష్టం వచ్చినట్లు దూకించే గోటూ ఆదేశం హానికరమని డైక్‌స్ట్రా 1968లో ఒక పత్రికకు లేఖ రాశాడు. దానికి ప్రసిద్ధమైన శీర్షిక పెట్టినది ఈయన కాదు, ఆ పత్రిక సంపాదకుడైన నిక్లాస్ విర్త్. ఈ లేఖ పెద్ద దుమారమే లేపింది. ప్రోగ్రామును చదివేవాడికి అది నడిచే తీరు కళ్ళకు కట్టాలన్నది ఇందులోని సారాంశం. ఈ భావనలే నిర్మాణాత్మక ప్రోగ్రామింగు పద్ధతికి దారితీశాయి. ఓలె-యోహాన్ డాల్, టోనీ హోర్‌లతో కలిసి 1972లో ఇదే విషయంపై గ్రంథం వెలువరించాడు. 1976లో వచ్చిన మరొక గ్రంథంలో ప్రోగ్రామును, అది సరైనదన్న నిరూపణను చేయీ చేయీ కలిపి పెంచే పద్ధతిని బోధించాడు.

తరువాతి జీవితం

1973లో డైక్‌స్ట్రా బరోస్ అనే అమెరికా కంప్యూటరు సంస్థలో పరిశోధకుడిగా చేరి, న్యూనెన్‌లోని తన ఇంటి నుండే పనిచేశాడు. వారానికి ఒక రోజు విశ్వవిద్యాలయానికి వెళ్ళేవాడు. అక్కడ మంగళవారం మధ్యాహ్నాలలో సహచరులతో కూర్చుని ఇతరుల వ్యాసాలను వాక్యం వాక్యం విడదీసి చర్చించేవాడు.

1974లో రెండు పుటల వ్యాసంలో స్వయంస్థిరీకరణ అనే భావనను ప్రవేశపెట్టాడు. పలు యంత్రాలు కలిసి పనిచేసే వ్యవస్థ ఏ కారణం చేతనైనా గందరగోళంలో పడితే, బయటి సాయం లేకుండా తనంత తానే సరైన స్థితికి చేరుకునేలా దానిని రూపొందించవచ్చునని ఇందులో చూపాడు. దాదాపు పదేళ్ళపాటు ఈ వ్యాసాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1983లో లాంపోర్ట్ ఒక సదస్సులో దీని గొప్పతనాన్ని ఎత్తి చూపిన తరువాత ఇది ఒక పరిశోధనా శాఖగా వృద్ధి చెందింది.

1984లో డైక్‌స్ట్రా అమెరికాలోని ఆస్టిన్‌లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి స్వీకరించి, 1999లో విరమించేవరకు అక్కడే బోధించాడు. అక్కడి సహోద్యోగులలో భారతదేశంలో జన్మించిన జయదేవ్ మిశ్రా ఒకడు. ఏకకాలిక ప్రోగ్రాముల రంగంలో పేరుపొందిన మిశ్రా, డైక్‌స్ట్రా అరవయ్యవ పుట్టినరోజు సందర్భంగా 1990లో వెలువడిన అభినందన గ్రంథానికి సంపాదకులలో ఒకడు.

వ్యక్తిత్వం, అలవాట్లు

కంప్యూటరు శాస్త్రవేత్త అయినా డైక్‌స్ట్రా తన వ్యాసాలను ఎక్కువగా ఫౌంటెన్ పెన్నుతో, ముత్యాల వంటి దస్తూరితో రాసేవాడు. వాటికి తన పేరులోని పొడి అక్షరాలతో ఈడబ్ల్యుడీ అని వరుస సంఖ్యలు వేసి, నకళ్ళు తీయించి మిత్రులకు పంపేవాడు. వారు మరికొన్ని నకళ్ళు తీసి పంచేవారు. ఈ విధంగా 1300కు పైగా వ్యాసాలు రాశాడు. వాటిని తరువాత టెక్సస్ విశ్వవిద్యాలయం ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉంచింది.

తరగతిలో పాఠ్యపుస్తకం లేకుండా, నల్లబల్లపై సుద్దముక్కతో, ఆలోచిస్తూ నెమ్మదిగా బోధించేవాడు. విద్యార్థులను ఒక్కొక్కరినే పిలిచి మౌఖికంగా పరీక్షించేవాడు. నిష్కర్షగా మాట్లాడే స్వభావం వల్ల కొందరి విరోధం కూడా తెచ్చుకున్నాడు. పారిశ్రామిక అవసరాలను పట్టించుకోడన్న విమర్శ, పెద్ద ప్రోగ్రాములకు ఈయన నిరూపణ పద్ధతులు ఆచరణసాధ్యం కావన్న విమర్శ తరచు వినవచ్చేవి. మోట్జార్ట్ సంగీతమంటే ఈయనకు అమితమైన ఇష్టం, స్వయంగా పియానో వాయించేవాడు. అమెరికాలో ఉన్నప్పుడు భార్యతో కలిసి ఒక వ్యానులో జాతీయ ఉద్యానవనాలను చూడడానికి వెళ్ళేవాడు. ట్యూరింగ్ యంత్రం పేరుకు శ్లేషగా ఆ వ్యానుకు టూరింగ్ యంత్రమని పేరు పెట్టుకున్నాడు.

ప్రభావం

డైక్‌స్ట్రా భయపడిన కంటికి కనిపించని తప్పులు తరువాతి కాలంలో నిజంగానే ప్రాణాలు తీశాయి. 1985-87 మధ్య అమెరికా, కెనడాలలో థెరాక్-25 అనే వికిరణ చికిత్సా యంత్రం ఆరుగురు రోగులకు మోతాదుకు ఎన్నో రెట్లు వికిరణాన్ని ఇచ్చింది. వారిలో కొందరు మరణించారు. ఏకకాలంలో నడిచే పనులు ఉమ్మడి దత్తాంశాన్ని సమన్వయం లేకుండా వాడుకోవడం అందుకు ఒక ముఖ్య కారణం. యంత్రం నడిపేవారు మీటలు వేగంగా నొక్కి సవరణ చేసినప్పుడే ఒక తప్పు బయటపడేది, నెమ్మదిగా నొక్కితే అంతా సవ్యంగా ఉన్నట్లు కనిపించేది. 2003 ఆగష్టు 14న అమెరికా, కెనడాలలో సుమారు 5 కోట్ల మందిని చీకటిలో ముంచిన విద్యుత్ వైఫల్యంలో కూడా, ఒక నియంత్రణ కేంద్రంలో హెచ్చరికలు ఇవ్వవలసిన ప్రోగ్రాము ఇటువంటి పందెపు స్థితి వల్లనే మూగబోయింది.

సమన్వయ సాధనం ఉన్నంత మాత్రాన అన్నీ సవ్యంగా జరగవని 1997లో అంగారకుడిపై దిగిన పాత్‌ఫైండర్ నౌక తెలియజేసింది. అందులో తక్కువ ప్రాధాన్యం గల పని ఒకటి ఉమ్మడి వనరుకు తాళం వేసి ఉంచగా, ఎక్కువ ప్రాధాన్యం గల పని దానికోసం ఆగవలసి వచ్చింది. ఈలోగా మధ్యస్థ ప్రాధాన్యం గల పనులు కంప్యూటరును ఆక్రమించుకోవడంతో నౌకలోని కంప్యూటరు పదేపదే మొదటికి వచ్చేది. తాళం పట్టుకున్న పనికి తాత్కాలికంగా ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చే సదుపాయాన్ని ఇంజనీర్లు భూమి నుండే అమలుచేసి దీనిని సరిదిద్దారు.

సెమాఫోర్ వాడకంలో ఒక్క వి మరచిపోయినా వ్యవస్థ స్తంభించిపోతుంది. ఈ బాధను తగ్గించడానికి 1970లలో పెర్ బ్రించ్ హాన్సెన్, టోనీ హోర్‌లు మానిటర్ అనే సాధనాన్ని రూపొందించారు. దత్తాంశాన్ని, దానిని ముట్టుకునే పద్ధతులను ఒకే గడిలో ఉంచి, లోపలికి ఒక్కరినే అనుమతించడం దీని సూత్రం. జావా భాషలోని థ్రెడ్ సమన్వయానికి ఇదే ఆధారం. ఆ భాషలో 2004 నుండి సెమాఫోర్ కూడా ప్రామాణిక సాధనంగా చేరింది. లినక్స్ కెర్నెల్‌లోను, పైథాన్ భాషలోను సెమాఫోర్ అదే పేరుతో ఉంది. ఒకే చిప్పుపై అనేక కోర్‌లు ఉండడం మామూలైన తరువాత, ఒకప్పుడు ఆపరేటింగు సిస్టమ్ రాసేవారికే పరిమితమైన ఈ సమస్య సాధారణ ప్రోగ్రామర్లందరిదీ అయింది.

పురస్కారాలు

డైక్‌స్ట్రా 1971లో నెదర్లాండ్స్ రాయల్ అకాడమీ సభ్యుడయ్యాడు. 1972లో ట్యూరింగ్ పురస్కారం, 1974లో హ్యారీ గూడ్ స్మారక పురస్కారం, 1982లో కంప్యూటర్ పయొనీర్ పురస్కారం పొందాడు. కంప్యూటరు శాస్త్ర బోధనకు చేసిన సేవకు 1989లో మరొక పురస్కారం లభించింది. స్వయంస్థిరీకరణ వ్యాసానికి 2002లో, మరణానికి కొద్దికాలం ముందు, పంపిణీ గణన రంగంలో అత్యంత ప్రభావశీలమైన వ్యాసంగా పురస్కారం దక్కింది. 2003 నుండి ఆ పురస్కారానికి ఈయన జ్ఞాపకార్థం డైక్‌స్ట్రా బహుమతి అని పేరు మార్చారు.

మరణం

క్యాన్సరు వ్యాధికి గురైన డైక్‌స్ట్రా 2002 ఫిబ్రవరిలో భార్యతో కలిసి ఆస్టిన్ నుండి స్వదేశానికి తిరిగి వచ్చాడు. 2002 ఆగష్టు 6న న్యూనెన్‌లోని స్వగృహంలో 72 ఏళ్ళ వయసులో మరణించాడు.